స్వాతి కార్తెలో ముక్తినాథ్

నేపాల్ వెళ్లడానికి ఏ కాలం మంచిదని అడిగితే ఒక్క నెల పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. ఆ దేశపు దక్షిణపు అంచు సముద్రమట్టానికి 60, 70 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడిది ఉయ్యూరు, గుడివాడ పొలాల్లాంటి బల్లపరుపు నేల, వరి పండే నేల. దాన్ని తరాయి అంటారు. అక్కడి నుంచి ఉత్తరంగా తిన్నగా 200 కిలోమీటర్లు కూడా వెళ్లకముందే 8,848.86 మీటర్ల ఎవరెస్టు ఎదురవుతుంది. నేపాలీలు దాన్ని సాగరమాథా అంటారు. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు 14 ఉంటే, వాటిలో 8 నేపాల్లోనో, నేపాల్ సరిహద్దు మీదో ఉన్నాయి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి ఒకే రోజున, ఒకే మధ్యాహ్నం వేళ, ఆ దేశంలో ఒకచోట వడదెబ్బ తగలవచ్చు, మరోచోట చలికి వేళ్లు కొంకర్లు పోవచ్చు.

అందుచేత ముందు తేల్చుకోవలసింది నేపాల్లో ఎక్కడికి అన్నది. తెలుగు యాత్రికుల దారి సాధారణంగా నాలుగు చోట్ల ఆగుతుంది. బుద్ధుడు పుట్టిన లుంబిని తరాయిలోనే ఉంది. పశుపతినాథుడు కొలువైన ఖాట్మండు దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. ఫేవా చెరువు ఒడ్డున ఉన్న పొఖరా ఎత్తు సుమారు 800 మీటర్లే. నాలుగోది ముక్తినాథ్. అది 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. శ్రీవైష్ణవుల 108 దివ్యదేశాల్లో అది ఒకటి. సాలగ్రామాలు దొరికే కాళీగండకి నది దాని దిగువన పారుతుంది. ఈ నాలుగింటికీ కలిపి ఒకే తేదీ పెట్టుకోవాలి గనుక, అన్నిటికన్నా పేచీ పెట్టేదాన్ని బట్టి కాలం ఎంచుకోవడం తెలివైన పని. పేచీ పెట్టేది ముక్తినాథూ, దానికి చేర్చే దారీ.

దారిని శాసించేది వాన. కృష్ణా డెల్టాలో నారుమళ్లు పోయించే నైరుతి రుతుపవనాలే నేపాల్లోనూ నాట్లు వేయిస్తాయి. జూన్ మొదటి పదిరోజుల్లో అవి కోస్తాంధ్రను తాకుతాయి. జూన్ 13 నాటికి తూర్పు వైపు నుంచి నేపాల్లో అడుగుపెట్టడం మామూలు లెక్క. నేపాలీలు ఆషాఢం 15వ రోజును, అంటే జూన్ 29 ప్రాంతాన్ని, వరినాట్ల పండుగగా జరుపుకుంటారు. ఆ రోజు పెరుగూ అటుకులూ తింటారు, బురదలో దిగి ఆడతారు. అప్పటికి ఇక్కడ కృష్ణా కాలువల కింద సార్వా పనులు మొదలవుతుంటాయి. రైతు కష్టం రెండుచోట్లా ఒకటే. తేడా అంతా వాన పడే నేలలో ఉంది. బల్లపరుపు నేల మీద పడ్డ వాన నిలుస్తుంది, కొండ మీద పడ్డ వాన కొండను వెంటబెట్టుకుని దిగుతుంది.

నేపాల్ ఏడాది వర్షంలో దాదాపు 80 శాతం జూన్, సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. విజయవాడలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 1,000 మిల్లీమీటర్లు. పొఖరాలో అది 3,000 దాటుతుంది. పొఖరాకు పక్కనే అన్నపూర్ణ పర్వతాల ముంగిట ఉన్న లుమ్లేలో 5,000 మిల్లీమీటర్లు కూడా దాటుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమగాలి అక్కడ నిట్టనిలువు గోడకు కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, ఉన్న నీరంతా అక్కడే దించేస్తుంది. అదే గోడకు ఆవలివైపు జోమ్‌సోమ్‌లో ఏడాదికి 300 మిల్లీమీటర్లు కూడా పడవు. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం 60 కిలోమీటర్ల లోపే. ముక్తినాథ్ ఈ ఎండు వైపునే ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఎండు వైపు, అంటే ముస్తాంగ్ జిల్లాలో, వానలు పడవు గనుక జూలై, ఆగస్టుల్లోనూ ముక్తినాథ్ వెళ్లవచ్చని ఎవరో చెబుతారు. గుడి దగ్గర వాన పడదన్న మాట నిజమే. కానీ గుడికి చేరాలంటే పొఖరా నుంచి బేనీ మీదుగా కాళీగండకి లోయ వెంట, సరిగ్గా ఆ తడి గోడను చీల్చుకుంటూ వెళ్లే దారిలో వెళ్లాలి. ధవళగిరి, అన్నపూర్ణ అనే రెండు 8,000 మీటర్ల పర్వతాల నడుమ ఉన్న లోయ అది. వానాకాలంలో అక్కడ చరియలు విరిగిపడి దారి గంటలపాటో, రోజులపాటో మూసుకుపోతుంది. అంతదాకా వెళ్లనక్కరలేదు, పొఖరా చేరే లోపలే గండాలుంటాయి. 2024 జూలై 12 తెల్లవారుజామున నారాయణఘాట్, ముగ్లింగ్ మధ్య సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు ప్రయాణికుల బస్సులను త్రిశూలి నదిలోకి తోసేసింది. మైదానం నుంచి ఖాట్మండుకూ పొఖరాకూ వెళ్లే ముఖ్యమైన దారి అది. పేరుపొందిన రహదారి కదా అని వానాకాలంలో దాన్ని నమ్మడానికి లేదు.

రుతుపవనాలు వెళ్లిపోయే తేదీ విషయంలో డెల్టా వాసి కళ్లు అతణ్ణే మోసం చేస్తాయి. వాన ముందు ఇక్కడికి వచ్చి, తర్వాత అక్కడికి చేరుతుంది. పోయేటప్పుడు మాత్రం ముందు అక్కడ ఖాళీ చేస్తుంది. నేపాల్లో నైరుతి వీడ్కోలుకు మామూలు తేదీ అక్టోబరు 2. కోస్తాంధ్రలో అది అక్టోబరు నడిమిదాకా ఉండి, వెనువెంటనే ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. అంటే బెజవాడలో గొడుగు పట్టుకుని నడిచే రోజుల్లో పొఖరా ఆకాశం కడిగిన పలకలా ఉంటుంది. కిటికీ తెరిచి చూసి, ఈ ముసురులో కొండలకేం వెళతాం అనుకునేవాడు ఏడాదిలోకెల్లా మంచి రోజులను ఇంట్లో కూర్చుని పోగొట్టుకుంటాడు.

డెల్టాలో పెద్దవాళ్లు వానను లెక్కగట్టడానికి నెలలకంటే కార్తెలను నమ్ముతారు. ఈ విషయంలో ఆ లెక్కే పనికొస్తుంది. తెలుగు చాంద్రమాసాలు ఏటా జరుగుతుంటాయి, అధికమాసం వస్తే మరీను. కార్తెలు మాత్రం సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి గనుక ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి. అక్టోబరు 10, 11 తేదీల్లో చిత్త కార్తె వస్తుంది. 24 ప్రాంతంలో స్వాతి, నవంబరు 6 ప్రాంతంలో విశాఖ మొదలై 19 దాకా నడుస్తుంది. నేపాల్ పంచాంగమూ సూర్యమానమే. అక్కడి కార్తిక మాసం అక్టోబరు నడుమ మొదలై నవంబరు నడుమ ముగుస్తుంది. ముక్తినాథ్‌తో కూడిన నేపాల్ యాత్రకు అన్నివిధాలా అనువైన రోజులు చిత్త కార్తె మొదలు విశాఖ కార్తె చివరిదాకా ఉన్న ఈ నలభై రోజులే. వాటిలోనూ స్వాతి నడిచే పన్నెండు, పదమూడు రోజులకు సాటి లేదు.

ఆ రోజుల్లో ఖాట్మండులో పగలు 25 డిగ్రీల దగ్గర, రాత్రి 10, 13 మధ్య ఉంటుంది. ఒక స్వెట్టరు చాలు. నాలుగు నెలల వాన గాలిలోని దుమ్మును కడిగేసి ఉంటుంది. పొఖరాలో తెల్లవారుతుండగా 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం, అంటే చేపతోక కొండ, ఫేవా చెరువు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. వానకు తెగిన దారులను అప్పటికి బాగుచేసి ఉంటారు. ముక్తినాథ్‌లో పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం నీళ్లు గడ్డకట్టే చలి దగ్గరపడుతుంది. గుడి వెనక అర్ధచంద్రాకారంలో ఉన్న 108 ధారల కింద స్నానం చేయాలనుకునేవారికి ఈ సంగతి ముఖ్యం. ఆ నీరు మంచు కరిగి వచ్చేది. అక్టోబరు మధ్యాహ్నం అది ఒళ్లు జలదరింపజేస్తుంది, అంతే. జనవరిలో ధారల చుట్టూ మంచుగడ్డలు వేలాడతాయి, అరుగుల మీద కాలు జారుతుంది.

అయితే ఈ మంచికాలానికీ రెండు మెలికలున్నాయి.

మొదటిది పండుగ. నేపాల్లో దసరాను దశైఁ అంటారు, పదిహేను రోజులు చేస్తారు. ఖాట్మండులో పనిచేసేవాళ్లంతా సొంతూళ్లకు బయల్దేరతారు. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయి బెజవాడ బస్టాండు కిక్కిరిసిన దృశ్యాన్ని ఊహించుకుంటే చాలు. విజయదశమి ముందు వారంలో బస్సుల్లో సీట్లు దొరకవు, ఆ రోజున పెద్దల చేత నుదుట అక్షతల టీకా పెట్టించుకునే సందడిలో దుకాణాలు మూసేస్తారు, డ్రైవర్లు దొరకరు. ఆంధ్రాలో బడులకు దసరా సెలవులు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. విజయవాడ వాళ్లకైతే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ఉత్సవాలు, ఇంటినిండా చుట్టాలు. కాబట్టి దసరా వెళ్లాక, దీపావళి లోపల ఉన్న రెండువారాలు పెద్దలకు కుదిరితే అంతకంటే మేలు లేదు. అక్కడి దీపావళి అయిదు రోజుల తిహార్. ఒకరోజు కాకికి, ఒకరోజు కుక్కకు దండలేసి పూజ చేస్తారు. చూడవలసిన వేడుకే, సెలవులున్నవారు దానిదాకా ఆగవచ్చు.

పిల్లల సెలవుల్లోనే వెళ్లక తప్పనివాళ్లు విజయదశమి తేదీ చూసి నిర్ణయించుకోవాలి. 2023లో అది అక్టోబరు నాలుగో వారంలో వచ్చింది. అలాంటి ఏడు దసరా సెలవుల్లో నిశ్చింతగా వెళ్లవచ్చు. 2025లో అక్టోబరు 2నే వచ్చేసింది. అది వాన వీడ్కోలు చెప్పవలసిన తేదీ, చెప్పిన తేదీ కాదు. పండుగ వెళ్లిన రెండు, మూడు రోజులకే తూర్పు నేపాల్‌లోని ఇలామ్ ప్రాంతంలో కుంభవృష్టి కురిసి, చరియలు విరిగి, పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. అంతకుముందు ఏడాది, 2024లో, సెప్టెంబరు 27, 28 తేదీల్లో ఖాట్మండులో బాగ్మతి నది పొంగి లోయను ముంచింది. దేశమంతటా 200 మందికి పైగా బలయ్యారు. ఆ సెప్టెంబరు మొదట్లోనే బుడమేరు విజయవాడను ముంచిందనీ, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చిందనీ డెల్టాలో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. సెప్టెంబరు చివరి వారాన్ని శరత్కాలంలో కలిపి టిక్కెట్లు అమ్మే యాత్రల ఏజెంట్లుంటారు. ఆ వారాన్ని వానాకాలంలోనే లెక్కేసుకోవాలి.

రెండో మెలిక తుపాను. ఇది ఆంధ్రా తీరం వాళ్లకు మరెవరికన్నా బాగా అర్థం కావలసిన విషయం. నేపాల్‌కు మేలైన అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న, విశాఖ కార్తె ముగిసే వేళ. తీరాన్ని కొట్టిన తుపాను భూమ్మీద బలహీనపడి చచ్చిపోతుందని అనుకోవడం పరిపాటి. గాలి బలం తగ్గుతుంది గానీ, అది మోసుకెళ్లే తేమ ఎక్కడికీ పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. పచ్చటి నగరం ఒక్కపూటలో మోడైపోయింది. దాని శేషం ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత హిమాలయాలను ఢీకొంది. అక్టోబరు 14న అన్నపూర్ణ ప్రాంతంలో అడుగుల కొద్దీ మంచు కురిసింది. ముక్తినాథ్‌కు పైన 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ కనుమ మీదా, చుట్టుపక్కల లోయల్లోనూ 40 మందికి పైగా పర్వతయాత్రికులు, వాళ్లకు దారి చూపేవాళ్లు, మూటలు మోసేవాళ్లు చనిపోయారు. కాలం తప్పి వెళ్లినవాళ్లు కారు వాళ్లు. ఏడాదిలో అత్యుత్తమమని అందరూ చెప్పే వారంలోనే వెళ్లారు. విశాఖలో చెట్లు కూల్చిన మేఘమే తమ మీదికి వస్తోందని వాళ్లలో ఎందరికి తెలుసో.

అందుచేత అక్టోబరు ప్రయాణానికి తేదీ ఖాయం చేసుకోవడంతో పని అయిపోదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి, ఉత్తరానికో వాయవ్యానికో కదులుతున్నదంటే, పొఖరాలో రెండు రోజులు ఆగిపోవడానికి వీలుగా తిరుగు టిక్కెట్టు తీసుకోవాలి. మరీ బిగించిన కార్యక్రమంతో వెళ్లినవాడే మంచులోకైనా నడుస్తాడు.

చలికాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఖాట్మండులో పగలు ఎండ బాగానే ఉంటుంది, రాత్రి రెండు, మూడు డిగ్రీలకు పడిపోతుంది. అక్కడి మామూలు లాడ్జీల్లో గదులు వెచ్చగా ఉండవు. ముక్తినాథ్‌లో బస నడిపేవాళ్లలో చాలామంది తాళాలేసి దిగువ ఊళ్లకు వచ్చేస్తారు. సంక్రాంతి సెలవుల్లో వెళదామనుకునే డెల్టా కుటుంబాలకు అసలు చిక్కు కొండల్లో కాదు, కొండలకు ముందున్న మైదానంలో. గోరఖ్‌పూర్ మొదలు లుంబిని దాకా ఆ రోజుల్లో పొగమంచు పట్టిందంటే మధ్యాహ్నమైనా వీడదు. విజయవాడ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్లే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లు ఉత్తరప్రదేశ్‌లో అడుగుపెట్టాక గంటల తరబడి ఆలస్యమవుతాయి. సరిహద్దు అవతల భైరహవా విమానాలు కదలవు. వారం సెలవులో రెండు రోజులు ప్లాట్‌ఫారం మీదే గడిచిపోతాయి.

ఇక వేసవి. ఇక్కడ 42, 44 డిగ్రీల ఎండలో తారు కరుగుతుంటే కొండలు గుర్తుకురావడం సహజం. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారందాకా బడులకు సెలవులు కూడాను. అందుకే తెలుగువాళ్లు ఎక్కువగా బయల్దేరేది మే నెలలోనే. ఇది చెడ్డ కాలం కాదు, రెండో మంచి కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండలు నేపాల్ జాతీయ పుష్పమైన లాలిగురాఁస్‌తో ఎర్రబారి ఉంటాయి. కానీ ఆ నెలల్లోనే అడవుల్లో కార్చిచ్చులు రేగుతాయి, ఎండిన గాలిలో పొగ నిలిచిపోతుంది. 2021 మార్చి చివర ఖాట్మండులో పొగ ఎంత ముదిరిందంటే నాలుగు రోజులు బడులు మూసేశారు. పొఖరా దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న అన్నపూర్ణను చూడకుండానే తిరిగివచ్చినవాళ్లు ఈ నెలల్లో ఎక్కువ. మే వచ్చేసరికి అప్పుడప్పుడు పడే ఉరుముల వానలు ఆ పొగను కొంత కడుగుతాయి. పొద్దున ఆకాశం తేటగా ఉంటుంది, మధ్యాహ్నం మబ్బులు పేరుకుంటాయి, సాయంత్రం వడగళ్లు. ముక్తినాథ్‌లో అప్పుడు చలి భరించదగినంతగానే ఉంటుంది. లుంబిని మాత్రం బెజవాడకు ఏమీ తీసిపోదు. దాన్ని తెల్లవారుజామున చూసి, తొమ్మిది లోపు కొండల వైపు సాగిపోవాలి.

ఎవరెస్టు ఎక్కేవాళ్లకు మాత్రం మే నెలే ముహూర్తం. ఏడాదిలో చాలాభాగం ఆ శిఖరం మీద జెట్ గాలులు మనిషిని నిలవనీయవు. రుతుపవనాలు దగ్గరపడే మే రెండో పక్షంలో ఆ గాలి ఉత్తరానికి జరుగుతుంది, కొద్ది రోజులు మాత్రం దారి ఇస్తుంది. హిల్లరీ, టెన్జింగ్‌లు 1953 మే 29న ఎక్కారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006 మేలో ఎక్కాడు. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ తేదీలు చూసి, ఎవరెస్టుకు మంచిదైతే ముక్తినాథ్‌కూ మంచిదే కదా అనుకోవడం తప్పు. శిఖరం ఎక్కేవాడు గాలి ఆగే వేళ కోసం చూస్తాడు, బస్సులో వెళ్లే యాత్రికుడు దారి తెగని రోజుల కోసం చూడాలి.

కాళీగండకి లోయలో కాలంతోపాటు గడియారాన్నీ చూసుకోవాలి. ఏ రుతువులోనైనా అక్కడ పొద్దున పదీ పదకొండు గంటలకు కింది నుంచి పైకి గాలి మొదలై, మధ్యాహ్నానికి ఇసుక విసిరేంత జోరందుకుంటుంది. అందుకే పొఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు పొద్దుటే నడుస్తాయి. మబ్బు పట్టిందంటే అవీ ఉండవు. 2022 మే 29న ఆ దారిలో వెళుతున్న విమానం మబ్బుల్లో కొండకు కొట్టుకుని 22 మంది చనిపోయారు. మే చివర మబ్బుగా ఉన్న రోజున విమానం రద్దయిందంటే సిబ్బందితో వాదన పెట్టుకోకుండా జీపు మాట్లాడుకోవడం మేలు.

కాలం ఎంపిక బండి మీదా ఆధారపడుతుంది. విజయవాడ తూర్పు కొసన 1960ల్లో వెలసిన జవహర్ ఆటోనగర్ లారీల బాడీ బిల్డింగుకు, మరమ్మతులకు, స్పేర్ పార్టులకు పేరుపడ్డ చోటు. దూరయాత్రకు బయల్దేరే మినీ బస్సులు, టెంపో ట్రావెలర్లు ముందు అక్కడికే చేరతాయి. మైదానంలో తిరిగే బండికి చేసే సర్వీసు వేరు, ఘాట్ ఎక్కే బండికి చేసేది వేరు. కొండ దిగేటప్పుడు బ్రేకు లైనింగుల మీద పడే భారం మైదానంలో ఊహకందదు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది డ్రైవర్లలో పాత నియమం. వానాకాలమైతే టైర్ల గాడులు, వైపర్లు, ఫాగ్ లైట్లు చూసుకోవాలి. డెల్టాలో రేడియేటరులో మామూలు నీళ్లు పోసి నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్వాతి కార్తె దాటాక ముక్తినాథ్ దారిలో రాత్రిపూట ఆ నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. కూలెంటు సరైన పాళ్లలో ఉండాలి. ఇక్కడి బంకులో నింపిన డీజిలు గట్టి చలిలో మైనంలా పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో చలికాలపు డీజిలును ప్రత్యేకంగా తెచ్చింది ఈ బాధ వల్లనే. 3,700 మీటర్ల ఎత్తున గాలి పలచన గనుక టర్బో లేని ఇంజను తన బలంలో మూడో వంతు పోగొట్టుకుంటుంది. మే నెలలో వెళితే కొండ మొదలయ్యే ముందే నాగపూర్, జబల్‌పూర్ ఎండలో వెయ్యి కిలోమీటర్లకు పైగా కాగిన టైర్లతో ఘాట్ ఎక్కాలి. సొంత బండిని సరిహద్దులో సుంకం కట్టి నేపాల్లోకి తీసుకెళ్లవచ్చు గానీ, ఏ కాలంలోనైనా దాన్ని పొఖరాలో నిలిపి, పైకి ఆ లోయ ఎరిగిన డ్రైవరు జీపులో వెళ్లడమే ఉత్తమం.

వంటమనిషినీ, బియ్యం బస్తాలనూ బస్సులో వేసుకుని వెళ్లే తెలుగు బృందాలకు మరో మాట. ముక్తినాథ్ ఎత్తున నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గంట ఉడికించినా కందిపప్పు పప్పుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ లేకుండా అక్కడ భోజనం లేదు. పొఖరా నుంచి ఒకే రోజులో దాదాపు 3,000 మీటర్లు పైకి పోతే తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. దానికి కాలంతో పని లేదు. దారిలో మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి ఆగాలి.

డెల్టా వ్యవసాయానికీ ఈ తేదీలకూ ఎంత పొత్తు కుదురుతుందన్నది చివరి ప్రశ్న. సార్వా కోతలు నవంబరు చివర, డిసెంబరులో పడతాయి. అక్టోబరు మూడో వారానికి చేను పొట్ట మీదో, ఈనికలోనో ఉంటుంది. పై ఎరువు వేయడం అయిపోయి ఉంటుంది. దోమపోటు చూసుకోవడానికి ఇంట్లో ఒకరుంటే రైతు పది రోజులు కదలవచ్చు. కోతలు, నూర్పిళ్లు మొదలైతే ధాన్యం తోలే లారీలకూ తీరిక ఉండదు, వాటిని బాగుచేసే ఆటోనగర్ షెడ్లకూ ఉండదు. వాళ్లకూ అక్టోబరే అనువు. సంక్రాంతి తప్ప సెలవు దొరకని ఉద్యోగులు నేపాల్‌ను మరో ఏడాదికి వాయిదా వేసి మన్యం వెళ్లడం మంచిది. వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగి, దాని ఇరుగుపొరుగు కొండలు డిసెంబరు, జనవరి నెలల్లోనే చూడదగ్గవి. అరకు లోయలో వలిస పూల పసుపు చూడాలంటే ఇంకాస్త ముందు, నవంబరు, డిసెంబరుల్లో వెళ్లాలి. వేసవి సెలవులే గతి అయిన కుటుంబాలు ఏప్రిల్ చివరి వారంలో బయల్దేరి మే 20 లోపు తిరిగివచ్చేలా చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండ నుంచి తప్పించుకుందామని మే చివర బయల్దేరితే, తిరుగుదారిలో మృగశిర వాన కొండ మీదే పట్టుకుంటుంది.

చిత్త, స్వాతి కార్తెల్లో వెళ్లేవారు బయల్దేరే ముందు రెండుచోట్ల వాతావరణ సూచన వినాలి. ఒకటి ఖాట్మండులోని నేపాల్ వాతావరణ విభాగానిది. రెండోది విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రానిది.